శుక్రవారం ప్యాకెట్లు

మొన్న శనివారం మా అబ్బాయి గది సర్దుతుంటే పుస్తకాల వెనక ఒక ప్యాకెట్ కనపడింది. మంచు మీద ఆడే హాకీ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు. ప్యాకెట్‌ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గాలి కూడా సోకకుండా మూత బిగించి ఉంచాడు. చింపడం మరిచిపోయాడేమో అనుకుని మూత తీశాను.

"మామ్! డోంట్!" అంటూ రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు. వాడికి పన్నెండేళ్ళు. నా తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం మేముండే డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్ యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది.

"కొనుక్కున్నది చూడటానికి కాదట్రా?"

"సీల్ తియ్యకపోతేనే వాల్యూ. లోపల ఏముందో తెలియకూడదు" అన్నాడు, ఇంగ్లీషులోనే.

"నీక్కూడానా?"

"నాక్కూడా."

ప్యాకెట్‌ని నా చేతిలోంచి మెల్లిగా తీసుకుని, మళ్ళీ డబ్బాలో పెట్టి, నా చెయ్యి అందని పై అరలోకి నెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. కిందికి వచ్చి గిన్నెలు తోమిన చప్పుడు వాడికి వినపడే ఉంటుంది. అంత చిన్నదానికి అంత కోపం ఎందుకు వచ్చిందో తెలియడానికి కాసేపు పట్టింది. నేను చింపకుండా ఉంచాల్సిన ప్యాకెట్లు ఒకప్పుడు మా ఇంట్లోనూ ఉండేవి.

అప్పుడు నాకు పదేళ్ళు. డబ్లిన్‌కి గంటన్నర బస్సు దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు. ఆ ఉద్యోగాలు ఆర్నెల్లవి. ఆర్నెల్లకో ఊరు, ఊరికో అద్దె ఇల్లు, ఇంటికో బడి. అలమరని ప్రెస్ అనడం నాకు అప్పటికే అలవాటైపోయింది. నా ప్రెస్‌లో వదిలేసిన బళ్ళ స్వెటర్లు రెండు ఉండేవి, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది. ఆ ఊరి బడిది మెరూన్ రంగు. గుంటూరు నుంచి తెచ్చిన పెట్టెల్లో ఒకదాన్ని అమ్మ ఏ ఊళ్ళోనూ విప్పలేదు. మంచం కింద అది తాడు కట్టినట్టే ఉండేది. "విప్పితే మళ్ళీ సర్దాలి గదా" అనేది.

ఈసారి మాత్రం నాన్న మాటిచ్చాడు. "సంవత్సరం దాకా కదిలేది లేదమ్మాయ్. పెద్ద డాక్టరుగారే చెప్పారు."

నేను నమ్మాను.

ఆ ఊళ్ళో తెలుగువాళ్ళం మేమే. ఇప్పుడు ఇక్కడ పది నిమిషాలు నడిస్తే గోంగూర దొరుకుతుంది. అప్పుడు మంచి బియ్యం కోసం నాన్న నెలకోసారి డబ్లిన్ వెళ్ళి, బస్సులో మూట ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు. అమ్మ ఐస్‌క్రీమ్ డబ్బాలో మట్టి పోసి ధనియాలు చల్లింది. రెండాకులు మొలిస్తే పప్పులో వేసి "ఇవాళ కొత్తిమీర పప్పు" అని ప్రకటించింది. ఇడ్లీ పిండి పులవడమే పెద్ద సమస్య. ఆ చలికి మూడు రోజులైనా పొంగేది కాదు. చివరికి వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర కనిపెట్టింది. అక్కడ దాన్ని హాట్ ప్రెస్ అంటారు, తువ్వాళ్ళు ఆరేసుకుంటారు. మా ఇంట్లో తువ్వాళ్ళన్నీ పులిసిన పిండి వాసన వేసేవి. తలుపు తీస్తే వీధంతా బొగ్గు పొగ. శుక్రవారం సాయంత్రాలు మాత్రం ఆ పొగలో వేయించిన బంగాళాదుంపల మీద చల్లిన వెనిగర్ వాసన కలిసేది.

బడిలో ఆ ఏడాది అందరికీ ఫుట్‌బాల్ స్టిక్కర్ల పిచ్చి. విరామం గంట కొట్టగానే గోడ వారన గుంపులు కట్టి, ఒకడు కట్ట తిప్పుతుంటే ఇంకొకడు "గాట్, గాట్, నీడ్" అని గొణిగేవాడు. ఉంది, ఉంది, కావాలి. నా దగ్గర ఏమీ లేవు కాబట్టి నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. చేతులు స్వెటర్ లోపలికి లాక్కుని చూస్తూ నిలబడేదాన్ని.

ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ "బొమ్మ కాగితాలకి ఏడుస్తారటే?" అని కసిరింది. కానీ కెనడాలో ఉన్న మామయ్యకి రాసిన నీలం ఉత్తరం చివర, పిల్ల ఏవో ఆటగాళ్ళ బొమ్మలు అంటోంది, అక్కడ దొరికితే పంపమని ఒక వాక్యం రాసింది. ఫుట్‌బాల్ అన్న మాట రాయలేదు. అంత చిన్న మాట.

సెప్టెంబరులో పార్సిల్ వచ్చింది. పెద్ద పెట్టె, అందులో ముప్పై ఆరు ప్యాకెట్లు. పెట్టె మూత మీద పులి మొహం వేసిన ముసుగు పెట్టుకుని ఒక గోల్‌కీపరు కూర్చున్నాడు, కోరలతో సహా. నాన్న ఒక ప్యాకెట్ చింపాడు. ఎనిమిది కార్డులు, ఒక గులాబీ రంగు చూయింగ్ గమ్ పలక, దాని మీద పౌడరు. నాన్న గుంటూరు మెడికల్ కాలేజీలో హాకీ ఆడినవాడు. ఆ కార్డుల్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇదేం హాకీయే! కాళ్ళకి కత్తులు కట్టుకున్నారు!"

"మంచు మీద జారుతూ ఆడతారంట నాన్నా."

"హాకీ అంటే గడ్డి మీద ఆడేది. మనది. మంచు మీద ఆడితే పడతారు గాని ఆడతారా?" అని నిజంగానే నొచ్చుకున్నాడు.

మర్నాడు ఆ ఎనిమిదీ బడికి తీసుకెళ్ళాను. గుంపులో ఒకడు చూసి "ఎవరు వీళ్ళు?" అన్నాడు. హాకీ వాళ్ళు అన్నాను. "హాకీ అంటే డబ్బున్న బళ్ళల్లో అమ్మాయిలు స్కర్టులేసుకుని ఆడేది కదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక్కరూ గాట్ అనలేదు, నీడ్ అనలేదు. చేతిలో ఏమీ లేనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆ జిల్లా మొత్తంలో ఎవరికీ అక్కర్లేదు.

ఇంటికి నడుస్తుంటే పక్కింటి అమ్మాయి వెనక నుంచి వచ్చి కలిసింది. నా తరగతే. ఎర్ర జుట్టు, ముందు పన్ను సగం విరిగి ఉండేది. నలుగురు అన్నల తర్వాత పుట్టింది. అన్నలు తమ స్టిక్కర్ పుస్తకాన్ని ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు.

"చూడనా?" అంది. ఒక్కో కార్డూ చూసి, ఒక దగ్గర ఆగింది. "ఇతనికి పళ్ళు లేవు!" అని తన పన్ను చూపిస్తూ నవ్వింది. "ఇంకా ఉన్నాయా ఇలాంటివి?"

మా ఇంటికి తీసుకొచ్చి పెట్టె చూపించాను. వంగి, ప్యాకెట్లన్నీ వేలితో లెక్కపెట్టింది. తర్వాత అడిగింది, "నేనొకటి తెరవనా? నా చేత్తో ఒక్కటి కూడా తెరవలేదు ఎప్పుడూ."

ఆమె తెరవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. చింపలేదు. అతుకు దగ్గర గోరు దూర్చి, మడత మీద మడత విప్పి, కాగితాన్ని మోకాలి మీద సాపు చేసి పక్కన పెట్టింది. గమ్ పలకని సరిగ్గా సగానికి విరిచింది. సగం నాకిచ్చి, కార్డుల్ని ఒక్కొక్కటే తిప్పింది.

ఆ రోజే నియమాలు పెట్టుకున్నాం. వారానికి ఒక్కటే ప్యాకెట్. శుక్రవారం, బడి అయ్యాక, మా ఇంట్లో. ఒక వారం ఆమె వంతు, ఒక వారం నా వంతు. వాళ్ళింట్లోంచి చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండర్ తెచ్చి లెక్కేస్తే మళ్ళీ వేసవి దాకా సరిపోతాయని తేలింది. సంవత్సరం ఇక్కడే ఉంటామని నాన్న అన్నాడు కదా, సరిగ్గా కుదిరింది అనుకున్నాను. అంత దూరపు లెక్క నేను అంతకు ముందు ఎప్పుడూ వేసుకోలేదు.

శుక్రవారాలు అమ్మ ఉల్లిపాయ పకోడీలు వేసేది. పేరు తెలియని వస్తువు దేన్నైనా అక్కడ యోక్ అంటారు. ఆ అమ్మాయి తలుపు దగ్గర బూట్లు విప్పుతూనే "ఆనియన్ యోక్‌లు ఉన్నాయా మిసెస్?" అని కేకేసేది. అమ్మకి ఆ ఒక్క ఇంగ్లీషు మాట మాత్రం వెంటనే అర్థమయ్యేది. "ఉన్నాయి, చేతులు కడుక్కో" అని తెలుగులోనే చెప్పేది. ఆమె వెళ్ళి కడుక్కునేది.

ప్యాకెట్లలో పెద్ద చిక్కు ఒకటే, వచ్చినవాళ్ళే రావడం. లావు మీసాల ఆటగాడు ఒకడు ప్రతి రెండో వారం వచ్చేవాడు. అమ్మ ఒకసారి తొంగి చూసి "అచ్చం మా తెనాలి పెదనాన్నే" అంది. అంతే, అతని పేరు అదైపోయింది. ఆ అమ్మాయి కార్డు తిప్పి "ఓ నో, పెడనానా!" అని వెనక్కి పడిపోయేది. ఎవరితోనైనా మార్చుకుందామంటే ఎవరున్నారు? పెట్టె మూత మీది పులి ముసుగు గోల్‌కీపరు మాత్రం రాడు. కావాల్సింది అతనొక్కడే. ప్రతి శుక్రవారం "ఈసారి వస్తాడు" అని ఆమె అనేది, "రాడు" అని నేననేదాన్ని. చాలాసార్లు నేనే నెగ్గాను. నెగ్గడం నాకు బాగుండేది కాదు.

క్రిస్మస్‌కి రెండు వారాల ముందు, ఒక గురువారం నేను బడి నుంచి వచ్చేసరికి నాన్న ఇంట్లోనే ఉన్నాడు. కోటు విప్పకుండా వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది.

"జనవరిలో మారాలమ్మాయ్. ఇంకో డాక్టరు వస్తున్నాడంట నా స్థానంలోకి."

"సంవత్సరం అన్నావుగా!"

"అన్నాను. నాతో అన్నారు, నేను నీతో అన్నాను. నా చేతుల్లో ఏముంది?"

"నువ్వు మాటిచ్చావు!"

అమ్మ వెనక్కి తిరక్కుండానే, "మళ్ళీ ఇంకో స్వెటర్ కొనాలి" అంది. గట్టిగా కూడా అనలేదు. పప్పులో ఉప్పు సరిపోలేదన్నట్టు అంది. ఆ మాటతో నాకు లోపల ఏదో తెగిపోయింది.

పైకి పరుగెత్తి, కార్డుల పెట్టె తీసుకుని, హాట్ ప్రెస్‌లో దూరి తలుపు వేసుకున్నాను. ఇడ్లీ పిండి గిన్నె పక్కనే, మోకాళ్ళు ముడుచుకుని, బల్బు వెలుగులో మొదలుపెట్టాను. అప్పటికి పదిహేను ప్యాకెట్లు అయిపోయాయి. ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి. మొదటిది ఆమెలాగే గోరుతో విప్పబోయాను. సగంలో ఓపిక పోయింది. ఆ తర్వాత అన్నీ చింపడమే. కాగితం, గమ్, కార్డులు. కాగితం, గమ్, కార్డులు. గమ్ పలకలన్నీ ఒకదాని మీద ఒకటి నోట్లో కుక్కుకున్నాను. దవడలు నొప్పి పుట్టాయి, గులాబీ ఉమ్మి గడ్డం మీద కారింది. పులి గోల్‌కీపరు దొరికితే చాలు, దొరికితే ఈ ఊరు వదలడం కొంచెం తక్కువ అన్యాయం అవుతుందని ఎందుకో గట్టిగా అనిపించింది. పెదనాన్న ఏడుసార్లు వచ్చాడు. ఆఖరి ప్యాకెట్ చింపాను. పులి రాలేదు. ముప్పై ఆరింటిలో ఎక్కడా లేడు.

మర్నాడు శుక్రవారం. ఆమె వంతు. చేతులు ముందే కడుక్కుని వచ్చింది, తడి చేతులు స్వెటర్‌కి తుడుచుకుంటూ. పెట్టె మూత తీసి చూసింది.

"ఏవీ?"

"తెరిచేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

"పులి వచ్చాడా?"

"రాలేదు."

"ఇవాళ నా వంతు కదా."

మేం వెళ్ళిపోతున్నామని చెప్పొచ్చు. అందుకే కోపం వచ్చిందని చెప్పొచ్చు. నాన్న మీద కోపమని, తన మీద కాదని చెప్పొచ్చు. నేనేమన్నానంటే, "అవి నావి. మా మామయ్య నాకు పంపించాడు."

ఆమె మొహం ఎర్రబడింది. విరిగిన పన్ను మీదికి పెదవి లాక్కుంది. బూట్లు తొడుక్కుని, పకోడీల పళ్ళెంతో వస్తున్న అమ్మని చూసి "థ్యాంక్యూ మిసెస్, నాకు ఆకలిగా లేదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి సోమవారం నాన్న చాక్లెట్ల డబ్బా పట్టుకుని, తలుపు కూడా సరిగ్గా వెయ్యకుండా లోపలికొచ్చాడు.

"కదలట్లేదే! ఆ వచ్చేవాడు రానన్నాడంట. ఇంకో ఆర్నెల్లు నన్నే ఉండమన్నారు!"

అమ్మ రెండు చేతులూ జోడించి పైకి చూసింది. తర్వాత మంచం కింది పెట్టె లాగి, తాడు విప్పి, మొదటిసారి అందులోని కంచు గ్లాసులు, గుమ్మానికి కట్టే పూసల తోరణం బయటికి తీసింది. నేను గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏందే ఇది, ఉంటున్నామంటే ఏడుస్తుంది?" అని నాన్న అమ్మని అడిగాడు.

"సంతోషమేమో" అంది అమ్మ, పూసల దుమ్ము దులుపుతూ.

వెళ్ళిపోయి ఉంటే బతికిపోయేదాన్ని. ఇప్పుడు ఆ అమ్మాయి పక్కింట్లో ఆర్నెల్లు ఉండాలి. రోజూ పొద్దున ఆమె అన్నల మధ్య నడుచుకుంటూ నాకంటే ముందు వెళ్ళేది. నేను తొందరగా నడిస్తే వాళ్ళూ తొందరగా నడిచేవారు. ఒకరోజు కార్డులన్నీ సంచిలో వేసి వాళ్ళ తలుపు గొళ్ళానికి తగిలించాను. మర్నాడు పొద్దున అదే సంచి మా తలుపుకి వేలాడుతోంది. అందులో చీటీ ఏమీ లేదు. కార్డులు లెక్క తప్పకుండా ఉన్నాయి.

సంచి చూశాక అమ్మకి విషయం చెప్పక తప్పలేదు. "పోయి సారీ చెప్పరాదూ? ఇక్కడ మనం వాళ్ళ కాలు తొక్కినా వాళ్ళే మనకి చెప్తారు గదే సారీ. ఇంత చవకైన మాట నీకు నోటికి రాదా?" అంది. రాలేదు. వాళ్ళ గేటు దాకా ఎన్నోసార్లు వెళ్ళి తిరిగొచ్చాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా తలుపు దబదబ మోగింది. ఆమే. "డాక్టరున్నాడా? మా అన్న చెయ్యి కోసుకున్నాడు, అద్దం పగిలి" అంది ఒక్క గుక్కలో. నాన్న అన్నం చేత్తోనే పరుగెత్తాడు. గాయానికి గుడ్డ బిగించి కట్టి, వాళ్ళమ్మనీ ఆ కుర్రాణ్ణీ ఆ జనవరిలోనే కొన్న పాత కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయి మా వంటింట్లో కూర్చుంది. అమ్మ టీలో పంచదార ఎక్కువేసి ఇచ్చింది. ఆమె కప్పు ముట్టలేదు. నా స్వెటర్ చెయ్యి పట్టుకుంది, అంతే. రెండు గంటలు వదల్లేదు. నాకు చెమట పట్టినా కదల్లేదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదని తెలుసు. అన్న చెయ్యి తెగి అక్కడుంటే ఇక్కడ ప్యాకెట్ల మాట ఎలా ఎత్తడం అని ఊరుకున్నాను. కారు చప్పుడు వినగానే ఆమె నా చెయ్యి వదిలి పరుగెత్తింది. ఏడు కుట్లు వేయించుకుని వాడు నవ్వుతూ దిగాడు.

మర్నాడు పొద్దున మా గేటు దగ్గర నిలబడి ఉంది.

"వస్తున్నావా?" అంది.

మళ్ళీ కలిసి నడిచాం. మాట్లాడుకున్నాం, నవ్వుకున్నాం. అయినా శుక్రవారం మాత్రం ఆమె మా ఇంటికి రాలేదు. ఒకసారి రమ్మంటే "శుక్రవారం నాకు పనుంది" అంది. ఏం పనో చెప్పలేదు. పొద్దున్నే లేచి అద్దం ముందు "సారీ" అని ఒకసారి అని చూసుకుని బయలుదేరేదాన్ని. దారిలో "ఆ ప్యాకెట్లు..." అని మొదలుపెడితే "అదిగో, ఆ కుక్కని చూడు" అనేది. కుక్కలు నిజంగానే ఉండేవి. మళ్ళీ రేపు చెబుదాం అనుకునేదాన్ని. మార్చి అయింది, ఏప్రిల్ అయింది, మే అయింది. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక అమ్మ మీద విసుక్కునేదాన్ని.

జూలైలో నిజంగానే కదిలాం. సామాను వ్యానులోకి ఎక్కించడానికి ఆమె అన్నలు నలుగురూ వచ్చారు. చెయ్యి కోసుకున్నవాడు, కుట్ల గుర్తు అందరికీ చూపిస్తూ, అమ్మ పెట్టె మోశాడు. ఆ అమ్మాయి మా రెండిళ్ళ మధ్య గోడ మీద కాళ్ళు ఊపుతూ కూర్చుంది. నాన్న బండి స్టార్ట్ చేశాడు. ఇంక రేపు అనేది లేదు. గోడ దగ్గరికి వెళ్ళాను.

"సారీ" అన్నాను.

కాళ్ళు ఊపడం ఆపింది. "దేనికి?" అంది.

నా కళ్ళలోకే చూస్తోంది. ఎగతాళిగా అడగలేదు. ఆశ్చర్యంగానూ అడగలేదు. నాన్న హారన్ కొట్టాడు. అమ్మ కిటికీలోంచి "రావే!" అంది. ఆర్నెల్లుగా నోట్లో నానుతున్న జవాబు ఒక్క మాటగా కూడా బయటికి రాలేదు.

"ఏం లేదు" అన్నాను.

"గ్రాండ్" అంది, అక్కడివాళ్ళు సరేలే అనడానికి వాడే మాట. కాసేపు అలాగే చూసి, గోడ దిగి, లోపలికి వెళ్ళిపోయింది.

కొత్త ఊరి నుంచి రెండు ఉత్తరాలు రాశాను, వాతావరణం గురించి, బడి గురించి. మొదటిదానికి జవాబొచ్చింది, అందులోనూ వాతావరణమే. రెండోదానికి రాలేదు. మూడు నాలుగేళ్ళ క్రితం స్నేహితుల గృహప్రవేశానికి ఆ ఊరు వెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళు కొనుక్కున్నది ఆ వీధిలోనే. బొగ్గు పొగ లేదు. మధ్యాహ్నానికే వీధి చివరి దాకా సాంబారు వాసన, కార్ల అద్దాలకి వినాయకుళ్ళు. ఒకప్పుడు మా పక్కింటి అమ్మాయి ఉన్న ఇంట్లో ఇప్పుడుంటున్న విజయవాడ అమ్మాయి "రండి ఆంటీ, కాఫీ తాగి వెళ్దురు" అని చెయ్యి పట్టుకుంది. ఇంతకు ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్ళు తెలుసా అని అడిగాను. తమ ముందు మలయాళీ నర్సు కుటుంబం ఉండేదట. అంతకు ముందు సంగతి తెలియదంది.

ఆ రోజు గోడ మీద ఆమె "దేనికి?" అని మరిచిపోయే అడిగిందని కొన్నాళ్ళు అనుకున్నాను. నన్ను సులువుగా వదిలేద్దామని మరిచిపోయినట్టు నటించిందని ఇంకొన్నాళ్ళు అనుకున్నాను. నాకూ పిల్లాడు పుట్టి, వాడు చేసిన తప్పు వాడి నోటితోనే చెప్పించాలని ఎదురుగా కూర్చోబెట్టుకుని "దేనికి సారీ?" అని మొదటిసారి అడిగిన రోజున, నా గొంతులోనే ఆమె గొంతు విన్నాను. ఆమెకి అన్నీ గుర్తున్నాయి. ఆర్నెల్లూ నేనెప్పుడు చెబుతానా అని చూసి, చివరికి తనే నాకు దారి తీసి ఇచ్చింది.

నేను ఏం లేదు అన్నాను.